పగలని కణాలు: తిరుపతిలో అయిదు రోజులు

తిరుపతి వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో ముగ్గురు ప్రసాదం కోసం వచ్చారు. కొండ ఎక్కలేదని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. అయిదు రోజులు కొండ కింద ఉండి పైకి పోకుండా తిరిగొచ్చేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఎదురింటి కామేశ్వరమ్మగారు నా ముఖం కేసి చూసి, "ఒంట్లో బాగాలేదా బాబూ?" అన్నారు. ఒళ్ళు బాగానే ఉంది. కొండ మీదికి తీసుకెళ్ళే ముఖమే లేకపోయింది.

అడిగిన ప్రతివాళ్ళకూ ముక్కముక్కలుగా చెప్పేకన్నా, జరిగింది జరిగినట్టు ఒకసారి రాసేయడం మేలనిపించింది. అటువైపు వెళ్ళనివాళ్ళకు ఊళ్ళ సంగతులు తెలుస్తాయి. నన్ను తెలిసినవాళ్ళకు నా సంగతి తెలుస్తుంది.

ఎందుకు వెళ్ళాను

నేను కాకినాడలో వృక్షశాస్త్రం చెబుతాను. పొడపత్రి అని ఒక తీగ ఉంది. ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. చక్కెర వ్యాధికి మన వైద్యులు ఎప్పటినుంచో వాడుతున్న మందు. దాని ఆకు ముక్కను సీసాలో, పోషకాలు కలిపిన జావ మీద పెంచితే, కొన్ని వారాలకు తడిపిండి ముద్దలాంటి కణాల గడ్డ పెరుగుతుంది. మొక్కల్లో ప్రతి కణానికీ చుట్టూ గోడ ఉంటుంది. ఆ ముద్దను గోడలు కరిగించే ఎంజైము ద్రావణంలో నానబెడితే, గోడ పోయి లోపలి కణం మాత్రం పెంకు తీసిన గుడ్డులా పలుచటి పొరతో మిగలాలి. అలాంటి గోడలేని కణాలు దొరికితే రెండు రకాల మొక్కల కణాలను ఒకటిగా కలపొచ్చు. మందు ఎక్కువిచ్చే కొత్త మొక్కలు పుట్టించవచ్చు. ఆ రోజుల్లో మా వృత్తిలో అందరి కళ్ళూ దానిమీదే.

మూడేళ్ళ కిందట ఒక సదస్సులో, పొడపత్రి కణాలకు గోడ తీశానని చెప్పి ఫొటోలు చూపించాను. గుండ్రటి కణాలు, ముత్యాల్లా ఉన్నాయన్నారు. చప్పట్లు కొట్టారు. వ్యాసం అచ్చయింది. దాన్ని చూసే మా కాలేజీలో నన్ను ఒక మెట్టు పైకెక్కించారు.

ఆ తర్వాత తిరుపతి నుంచి వరదాచార్యులుగారనే ప్రొఫెసరు ఉత్తరం రాశారు. తన దగ్గర ఒక అమ్మాయి రెండేళ్ళుగా నా పద్ధతి ప్రకారమే చేస్తోందట, ఫలితం రావడం లేదట. ఆమెకిచ్చే ఉపకారవేతనం మార్చితో ఆగిపోతుంది. మీరొకసారి వచ్చి చేత్తో చేసి చూపిస్తే పిల్ల గట్టెక్కుతుంది అని రాశారు. ఆ ఉత్తరం నా సొరుగులో రెండు నెలలు ఉంది. సాకులు వెతికాను. దొరికినవన్నీ అయిపోయాక బయలుదేరాను.

రేణిగుంట

తెల్లారాక రైలు దిగాను. కార్తీకమాసం, సన్నటి జల్లు పడుతోంది. స్టేషను బయట ఒక బండి మీద ఇడ్లీ తిన్నాను. చట్నీ వేరుశనగపప్పుతో, మిరపకాయ ఘాటుతో కళ్ళు చెమర్చేలా ఉంది. ఉల్లిపాయ ముక్కలున్నాయా అని అడిగితే బండి ఆమె అర్థంకాక చూసింది. పక్కనున్నాయన, "ఎర్రగడ్డలు అడగతా ఉండాడమ్మా," అని విడమరిచాడు. వేరుశనగలు ఇక్కడ చెనిక్కాయలు, బంగాళాదుంపలు ఉర్లగడ్డలు, మరమరాలు బొరుగులు. ఒక్క రైలు ప్రయాణంలో సగం కూరగాయల బుట్ట పేరు మార్చుకుంది. ఇడ్లీ మాత్రం ఇడ్లీయే, నాలుగూ రూపాయి. మా వైపుకంటే చవక.

తిరుపతి బస్సులో నా పక్కన కూర్చున్నాయన చేతికి వెదురుబద్దలు పెట్టి గుడ్డతో కట్టు కట్టి ఉంది. చెట్టు మీదనుంచి పడ్డాడట. విరిగిన ఎముకలకు కట్లు కట్టడంలో పేరుపడ్డ పుత్తూరులో కట్టించుకొని వస్తున్నాడు. కట్టు లోపలినుంచి ఏదో పసరు వాసన. ఏ ఆకు వాడారని అడిగాను, వృత్తి గుణం పోదు కదా.

"అది చెప్పరబ్బా," అన్నాడు. "చెప్పకపోతే పోనీ. చెయ్యి కుదిరితే సాలదా?"

"మా వైపు అయితే కనిపెట్టినదంతా అచ్చువేసి అందరికీ చెబుతాం," అన్నాను గొప్పగా.

"అది మంచిదేలేప్పా. అచ్చేసినట్లే చేస్తే కుదురుతాదా మరి?"

మామూలుగానే అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ప్రయోగశాల

వరదాచార్యులుగారు నుదుట నామంతో, తెల్లటి లాల్చీతో గుమ్మం దాకా ఎదురొచ్చారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. "మీరు వచ్చినారు, ఇంక మాకు దిగుల్లేదు," అని నా రెండు చేతులూ పట్టుకున్నారు.

ఆయన వెనక నిలబడ్డ అమ్మాయి మునిలక్ష్మి. పాకాల దగ్గర పల్లెటూరు. సన్నగా, నూనె పెట్టి బిగించిన జడతో, చేతిలో నా వ్యాసం పట్టుకొని ఉంది. ఆ కాగితాల అంచులు నలిగి మెత్తబడ్డాయి. మడతల దగ్గర చిరిగినచోట వెనకనుంచి వేరే కాగితం అతికించుకుంది. నేను రాసిన కొలతలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఎంజైము ఎంత, చక్కెర ఎన్ని పాళ్ళు, ఎన్ని నిమిషాలు కదపాలి, ఏ గుడ్డలో వడకట్టాలి, ఆగకుండా చెప్పింది. నాకే గుర్తులేదు.

"ఎక్కడ పోతోందమ్మా తేడా?" అని అడిగాను.

"మీరు రాసినట్లే రెండు గంటలు నానబెడితే గుండ్రంగానే వస్తాండాయి సార్. కానీ గోడ పోయిందా లేదా అని ఉత్త నీళ్ళు తగిలిచ్చి చూస్తే పగల్లేదు. పగలకపోతే గోడ ఉన్నట్లే కదా సార్?"

అవును. గోడ లేని కణం చక్కెర కలిపిన ద్రావణంలోనే నిలుస్తుంది, మంచినీళ్ళు తగలగానే నీరు పీల్చుకొని ఉబ్బి పగిలిపోతుంది. గోడ ఉంటే పగలదు. అంతకన్నా సులువైన పరీక్ష లేదు. నా వ్యాసంలో ఆ పరీక్ష ఊసే లేదు.

"నా చెయ్యే సరిగా లేదంటారు సార్ ఈడ అందరూ," అంది నవ్వుతూనే. పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న ఇద్దరు తల తిప్పుకున్నారు.

రెండో రోజు

పొద్దున్నే నేనే చేశాను. ప్రొఫెసరుగారు కుర్చీ వేసుకొని కూర్చున్నారు. రెండు గంటలయ్యాక వడకట్టి, ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో పెట్టాను. కరెంటు లేదు, కిటికీ వెలుతురును అద్దంతో పట్టాల్సి వచ్చింది. గుండ్రటి కణాలు, విడివిడిగా, మూడేళ్ళ కిందటి ఫొటోలోలాగే కనిపించాయి.

మునిలక్ష్మి కన్నుపెట్టి చూసి, "ఎంత బాగా వచ్చినాయి సార్!" అంది. వెంటనే నీళ్ళ చుక్కగొట్టం అందుకుంది. "ఒకతూరి తగిలిచ్చి చూద్దామా?"

నేను చేసిన పని ఇప్పుడు రాయడానికి చేయి వెనకాడుతోంది. ఆమె చేయి చాపేలోగా ఆ పలకను తీసి గుడ్డతో తుడిచేశాను.

"ఇప్పుడొద్దు. మీ నీళ్ళలో ఉప్పు ఎక్కువలా ఉంది. అదీగాక మీ ముద్ద పాతబడింది. తాజా తీగ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి," అన్నాను.

ప్రొఫెసరుగారు తల ఊపారు. మునిలక్ష్మి నోటుపుస్తకంలో రాసుకుంది: నీళ్ళలో ఉప్పు, ముద్ద పాతది. నేను ఏం చెప్పినా రాసుకుంటోంది.

ఎందుకు తుడిచానంటే, మూడేళ్ళ కిందట కాకినాడలో ఒక మధ్యాహ్నం నేనూ ఒక చుక్క నీళ్ళు తగిలించి చూశాను. ఒక్క కణమూ పగల్లేదు. చక్కెర ద్రావణం ఇంకా మిగిలి ఉండి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. సదస్సు పది రోజుల్లో ఉంది. ఆ రోజూ పలకను తుడిచేశాను. పుస్తకంలో రాయలేదు. రెండోసారి పరీక్షించలేదు. కణాల మధ్య అతుకు మాత్రమే కరిగి, అవి ఒకదాన్నుంచి ఒకటి ఊడి గుండ్రంగా కనబడుతున్నాయని, గోడలు గోడల్లాగే ఉన్నాయని తెలుసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

పాకాల దారి

తాజా తీగ కావాలన్నాను కాబట్టి వెళ్ళక తప్పలేదు. "మా చేని గట్టున కావలసినంత ఉండాది సార్," అంది మునిలక్ష్మి. మూడో రోజు ఉదయం ఇద్దరం పాకాల వెళ్ళే చిన్న రైలు ఎక్కాం. పట్టాల వెడల్పు తక్కువ, వేగం ఇంకా తక్కువ. చంద్రగిరి కోట దాటుతుంటే పెట్టెలో సగంమంది తెలుగులోనూ సగంమంది అరవంలోనూ ఒకే సంగతి మాట్లాడుకుంటున్నారు: ఈ వానకు చెనిక్కాయలు ఎండుతాయా లేదా అని. ఒకరి మాట ఒకరికి అడ్డం రావడం లేదు. కాట్పాడి వెళ్ళే పెద్దావిడ ఒకామె తన సంచిలోంచి ఉడికించిన వేరుశనక్కాయలు తీసి, అడక్కుండానే నా చేతిలో పోసింది. మా వైపు వేయించి తింటాం, ఉడకబెట్టడం అరుదు. ఉప్పుతో, వేడితో, తడిమట్టి వాసనతో ఎంత బాగున్నాయో. పైసలివ్వబోతే చెయ్యి అడ్డుపెట్టింది.

పాకాలలో దిగి అయిదు మైళ్ళు బస్సులో, ఒక మైలు నడిచి వెళ్ళాం. మునిలక్ష్మి తండ్రి మునస్వామి కల్లం దగ్గర ఉన్నాడు. పీకిన చెట్లు కుప్పలుగా వేసి, ఆడవాళ్ళు వరసగా కూర్చొని కాయలు కోస్తున్నారు. ఆయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకొని ఎదురొచ్చాడు.

"మా పాపకు చెప్పేదానికి అంత దూరంనించి వచ్చినారంట. రాండి, రాండి సార్."

మధ్యాహ్నం రాగిసంగటి పెట్టారు. ముద్ద మధ్యలో గుంట చేసి వేడి నెయ్యి పోసి, పక్కన ఊరుబిండి, అంటే చెనిక్కాయలు నూరిన పచ్చడి, వేశారు. నమలబోతే మునస్వామి నవ్వాడు. సంగటి నమలకూడదట, బిండిలో అద్దుకొని మింగాలట. నేను మింగలేక నీళ్ళు తాగుతూ తింటుంటే, ఆయన భార్య ముద్ద చిన్నది చేసి మళ్ళీ పెట్టింది. మా ఇళ్ళలో అతిథి పక్కన ఇంటివాళ్ళు నిలబడతారు. ఇక్కడ ఆయన నాతోపాటే కూర్చొని తిన్నాడు.

అతిరసం

తిన్నాక చేని గట్టుకు వెళ్ళాం. కంచె మీద పొడపత్రి తీగ దట్టంగా అల్లుకొని ఉంది. మునిలక్ష్మి లేత ఆకులు కోసి తడిగుడ్డలో చుడుతోంది. మునస్వామి ఒక ఆకు తుంచి నా చేతికిచ్చాడు. "ఎన్ని దినాలనించో దీని మింద సదివినారు గదా, ఎప్పుడైనా నమిలినారా?"

నమల్లేదు. అప్పుడు నమిలాను. చేదు. ఉమ్మేసి ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య పళ్ళెంలో అతిరసాలు పెట్టుకొని వచ్చింది. మన అరిసెల్లాంటివే. నా కోసమే అప్పటికప్పుడు చేసిందని తెలుస్తోంది, చేతులకు ఇంకా పిండి ఉంది. ఒక ముక్క కొరికాను. నోట్లో ఇసుక నములుతున్నట్టుంది. తీపి అనేది లేదు.

ఆమె నా ముఖమే చూస్తోంది.

"చాలా బాగుందమ్మా. మంచి తీపి," అన్నాను.

మునస్వామి విరగబడి నవ్వాడు. "పొడపత్రి నమిలినాక తీపి యాడ తెలస్తాది సార్? బాగలేదంటే మేమేమైనా అనుకుంటామా? ఉన్నది ఉన్నట్లు చెప్పొచ్చు గదా!"

అందరూ నవ్వారు. మునిలక్ష్మి కూడా. నేనూ నవ్వాలని చూశాను. చెవులు వేడెక్కిపోయాయి. ఒక ముక్క అతిరసం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పలేకపోయాను, ఎవరూ అడగకుండానే, ఏ అవసరమూ లేకుండానే.

బస్సు కోసం వెళ్ళేటప్పుడు మునిలక్ష్మి ముందు నడుస్తోంది. మునస్వామి నా పక్కన కాస్త వెనకబడ్డాడు. నవ్వు పోయింది.

"సార్, ఒక మాట అడగతాను, తప్పుగా అనుకోవద్దండి. రెండేండ్లుగా మా పాప పోతాండాది, వస్తాండాది. దాని చెయ్యి మంచిది కాదు, దానికి ఆ పని రాదు అంటా ఉండారంట. అది మాకు చెప్పదు. వాళ్ళమ్మకు తెలిసి ఏడస్తాది. మీరు పెద్దోళ్ళు, సూసినారు గదా. రాదు అంటే ఇప్పుడే సెప్పండి. నిలిపేస్తాను. బిడ్డ ఊరికే అవమానపడేదెందుకు?"

అప్పుడు చెప్పవలసింది. దారి మీద ముగ్గురమే ఉన్నాం. ఆయన ఆగి నిలబడ్డాడు కూడా.

"కాస్త ఓపిక పట్టాలండీ," అన్నాను.

"అంతేనంటారా?" అని ఆయన మళ్ళీ నడిచాడు. ఆ మాటకు ఆయనకు కొంత ఊరట కలిగిందని తెలుస్తూనే ఉంది. నాకు అది మరీ భరించలేనట్టయింది.

నాలుగో రోజు

ఉదయం ప్రయోగశాలకు వెళ్ళేసరికి మునిలక్ష్మి ఒక చిన్న గాజు పళ్ళేన్ని కడగబోతోంది. ఏమిటది అన్నాను.

"ఏం లేదు సార్. నేను ఊరికే చేసింది. రాత్రంతా నానబెట్టి చూస్తాను అప్పుడప్పుడు. చెడిపోతాయి."

"చెడిపోవడమంటే?"

"చానా తక్కువ వస్తాయి. మీ ఫొటోలో మాదిరి గట్టిగా ఉండవు. పది నిమిషాలకు వాటంతట అవే పగిలిపోతాయి. నీళ్ళు తగిలియ్యకుండానే."

నేను ఆ పళ్ళెం ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఒక చుక్క పెట్టి చూశాను. కణాలు నాలుగో అయిదో. పూర్తి గుండ్రం. అంచు దారంకన్నా సన్నం. లోపల ఆకుపచ్చ చుక్కలు ఒక పక్కకు ఒదిగి ఉన్నాయి. చూస్తుండగానే ఒకటి మెల్లగా ఉబ్బింది, ఉన్నట్టుండి లేకుండా పోయింది. చుక్కలు మాత్రం నీళ్ళలో చెదిరాయి.

గోడలేని కణాన్ని పొడపత్రిలో నేను చూడడం అదే మొదటిసారి.

"ఇవి ఎన్నాళ్ళనుంచి వస్తున్నాయి నీకు?"

ఆమె నోటుపుస్తకం తెరిచింది. పోయిన సంవత్సరం నుంచి పదకొండు చోట్ల ఎర్ర సిరాతో "పనికిరాలేదు" అని రాసుకుంది. పదకొండుసార్లు ఆమెకు నిజంగా వచ్చింది. నా అబద్ధపు ఫొటోలా లేదని పదకొండుసార్లు పారబోసింది. అవి తొందరగా పగిలిపోవడానికీ నేనే కారణం. ద్రావణంలో చక్కెర నేను రాసినంతే కలిపేది. గోడ ఉన్న కణాలకు ఎంత తక్కువ కలిపినా ఫరవాలేదు. గోడ లేనివాటికి అది చాలదు.

స్టూలు మీద కూర్చున్నాను.

"మునిలక్ష్మీ, నీకు వచ్చినవే అసలైనవి. నావి కావు. నాకు ఎప్పుడూ రాలేదు. నీళ్ళ పరీక్ష నేనూ చేశాను, పగల్లేదు. తెలిసీ రాయలేదు. మొన్న పలక తుడిచింది కూడా అందుకే. మీ నీళ్ళలో ఏ ఉప్పూ లేదు."

ఆమె పుటలు వెనక్కి తిప్పింది. నోటుపుస్తకం కేసే చూస్తోంది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"మా నాయన మిమ్మల్ని ఏమన్నా అడిగినాడా సార్, నిన్న? దారిలో?"

"అడిగాడు."

"ఏం చెప్పినారు?"

చెప్పాను. ఆమె కళ్ళు అప్పుడు నిండాయి. నా వైపు తిరగకుండానే కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి, "చక్కెర ఎంతకు పెంచాల సార్?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నేను ఎన్నడూ నిజంగా చేయని పని అది. "అయితే నేనే నాలుగు రకాలుగా కలిపి చూస్తాను," అని సీసాలు కడగడం మొదలుపెట్టింది.

అయిదో రోజు

మధ్యాహ్నం నా ఉపన్యాసం. నలభైమంది దాకా వచ్చారు. ముందు వరసలో వరదాచార్యులుగారు, ఆయన పక్కన, మునిలక్ష్మి చెయ్యి మంచిది కాదన్న ఆ పక్క బల్ల ఇద్దరు. నా ఫొటోలు పరదా మీద వేశారు. ఇవి గోడలేని కణాలు కావు, నాకు ముందే అనుమానం ఉంది, దాచాను అని చెప్పాను. పది వాక్యాలకంటే ఎక్కువ లేవు.

వరదాచార్యులుగారు లేచారు. ఆయన ముఖం పాలిపోయింది. "నేను కూడా ఆ పిల్లనే తప్పుపట్టినాను," అన్నారు మెల్లగా, నాతో కాదు, సభతో. తర్వాత వెనక్కి తిరిగి, "అమ్మా, నీవి ఉండాయా ఇప్పుడు?" అని అడిగారు.

ఉన్నాయి. నాలుగు రకాల్లో మూడోదానిలో నిలిచాయి. అందరూ ప్రయోగశాలకు వెళ్ళి వరసగా నిలబడి చూశారు. పక్క బల్ల ఇద్దరిలో ఒకతను చూసి పక్కకు తప్పుకున్నాడు. మునిలక్ష్మి ఒక చుక్క నీళ్ళు తగిలించి, అవి పగలడం చూపించింది. మళ్ళీ కొత్త పలక, మళ్ళీ చుక్క. నేను వరసలో చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి బండికి వేళైంది.

వచ్చాక

ఆ రాత్రి రైలు ఎక్కే ముందే మునస్వామికి ఉత్తరం రాసి పోస్టు చేశాను. మీ పాప చెయ్యి మంచిదే, తప్పు నాది అని. ఆయనకు చదవడం రాదు, ఎవరో చదివి వినిపిస్తారు. వినిపించే మనిషికి కూడా నా సంగతి తెలుస్తుందని తెలిసే రాశాను.

మా కాలేజీలో చెప్పాను. ఎక్కించిన మెట్టు దింపాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నారు. సదస్సు సంచిక సంపాదకుడు, ఇంత పాత సంగతికి సవరణ ఎందుకండీ అని రాశాడు. వేయాలని తిరిగి రాశాను.

నిన్న మునిలక్ష్మి నుంచి కార్డు వచ్చింది. క్షేమసమాచారాలు లేవు. సిద్ధాంతవ్యాసం రాస్తోంది. అంతకుముందు అచ్చయిన పద్ధతి ఎందుకు తప్పో మొదటి అధ్యాయంలో చెప్పాలి. "మా సార్ 'కొందరు పరిశోధకులు' అని రాస్తే చాలునన్నారు. నాకు మీ పేరు రాయాలని ఉంది. ఏం చేసేది తెలపండి" అని అడిగింది.

పేరే రాయమని జవాబిచ్చాను. తప్పు పడకుండా ఇంటిపేరుతో సహా ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా వేరే కాగితం మీద రాసి, దానికి జతచేశాను.